పోస్టర్ మీద ఒక లెక్క, పుస్తకంలో ఒక లెక్క: డ్రామా సినిమా నిర్మాతలకు బహిరంగ లేఖ

డ్రామా సినిమాలు తీసే నిర్మాతలకు, వాటిని విడుదల చేసే పంపిణీదారులకు, కొని చూపిస్తున్న స్ట్రీమింగ్ సంస్థల పెద్దలకు,

నమస్కారం. పెద్ద స్టార్లూ ఫైట్లూ లేని కథ మీద డబ్బు పెట్టాలంటే గుండె ధైర్యం ఉండాలి. మీ ధైర్యం వల్లే నాలాంటివాళ్లకి పని దొరుకుతోంది. ఈ మాట మనస్ఫూర్తిగానే అంటున్నాను. ఇక అసలు సంగతికి వస్తాను.

నేను ఒక డ్రామా సినిమాకి సహ రచయితని. ముందు చేతికి కొంచెమే తీసుకుని, మిగతాది నికర లాభంలో రెండు శాతం వాటాగా తీసుకోవడానికి ఒప్పుకున్నాను. ఎడిటర్, సౌండ్ చూసిన ఆయన, ఇద్దరు నటులు కూడా ఇలాగే సంతకాలు పెట్టారు. "చిన్న సినిమా, అందరం కలిసి లాగుదాం, వస్తే అందరికీ వస్తుంది" అని చెప్పారు. విడుదలైన మూడో వారానికి పోస్టర్ మీద 'బడ్జెట్‌కి మూడింతల వసూళ్లు' అని పడింది. సక్సెస్ మీట్‌లో నాచేత కూడా నాలుగు మాటలు మాట్లాడించారు. ఏడాది తర్వాత ఒక పేజీ స్టేట్‌మెంట్ వచ్చింది. దాని ఆఖరి వరుస ప్రకారం సినిమా నష్టాల్లో ఉంది.

వివరాలు అడుగుతూ ఉత్తరం రాశాను. అకౌంట్స్ వాళ్లకి పంపామన్నారు. రెండో ఉత్తరానికి జవాబే లేదు. మూడోదానికి ఒకే వాక్యం వచ్చింది: "ఒప్పందం మళ్లీ ఒకసారి చదువుకోండి." చదువుకున్నాను. ఒప్పందమే కాదు, ఇలాంటి ఒప్పందాల మీద కోర్టుల్లో ఏం తేలిందో, వేరే దేశాల్లో లెక్కలు ఎలా చూపిస్తారో కూడా చదివాను. అప్పుడు అర్థమైంది, ఇది ఒక్క సంస్థ చేసిన పని కాదని. అందుకే ఆ సంస్థ పేరు రాయకుండా మీ అందరికీ రాస్తున్నాను.

ముందు పరిస్థితి చెబుతాను. మేం ఏం అడుగుతున్నామో చివర్లో రాశాను.

1. గ్రాస్ చూపించి షేర్ దాచడం.

సినిమాకి టికెట్ల మీద వంద వచ్చిందనుకుందాం, దాన్నే గ్రాస్ అంటారు. లెక్క తేలిగ్గా తెలియాలని నేను వేసుకున్న అంకెలివి. పన్నులు పక్కన పెట్టినా అందులో దాదాపు సగం థియేటర్లకే పోతుంది. ఇది దేశాన్ని బట్టి మారుతుంది. చైనాలో వాటా పద్ధతిలో విడుదలయ్యే విదేశీ సినిమాకి, 2012 ఒప్పందంతో పెరిగాక కూడా, దక్కేది 25 శాతమే. సరే, మనకి యాభై వచ్చిందనే అనుకుందాం, థియేటర్ భాగం పోగా మిగిలిన ఇదే షేర్. పంపిణీ ఫీజు ముప్పై శాతం, అంటే పదిహేను పోయింది. ముప్పై అయిదు మిగిలింది. పబ్లిసిటీకీ, థియేటర్లకి పంపే కాపీలకీ ఇరవై అయింది. ఇక చేతిలో ఉన్నది పదిహేను. సినిమా తీయడానికి పెట్టింది ముప్పై.

పోస్టర్ మీద వేసిన 'మూడింతలు' అబద్ధం కాదు, వంద ముప్పైకి మూడు రెట్ల పైమాటే. పుస్తకంలో రాసిన పదిహేను నష్టం కూడా అబద్ధం కాదు. ఇంకా వడ్డీ వేయలేదు, ఆఫీసు ఖర్చులు వేయలేదు.

ఈ లెక్క వేసుకున్నాక నాకు మీ మీద సగం కోపం పోయింది. మిగతా సగం ఎందుకు ఉండిపోయిందంటే, పోస్టర్ అచ్చు వేయించిన రోజున కూడా ఈ తీసివేతలన్నీ మీకు తెలుసు. తెలియనిది మాకూ, చూసేవాళ్లకీ. ఆ పోస్టర్ చూసి తను దాచుకున్న డబ్బు తెచ్చి తర్వాతి సినిమాలో పెట్టిన చిన్న పెట్టుబడిదారు ఉంటాడు. లైట్లు మోసిన మనిషి ఇంటికెళితే, "సినిమా అంత హిట్టయింది, నీకు రావాల్సింది ఇంకా ఇవ్వలేదా?" అని ఇంట్లోవాళ్లు అడుగుతారు. ఆయన దగ్గర జవాబు ఉండదు. ఇంట్లో వాళ్లేమో ఆయనే ఎక్కడో ఖర్చు పెట్టేశాడని అనుకుంటారు.

డ్రామాకి ఇంకో చిక్కు ఉంది. వారం వారం మారే వాటా పద్ధతి ఉన్నచోట మొదటి వారాల్లో పంపిణీదారుకి ఎక్కువ భాగం, రోజులు గడిచేకొద్దీ థియేటర్‌కి ఎక్కువ భాగం పోతుంది. భారీ సినిమా మొదటి మూడు రోజుల్లోనే లాగేస్తుంది. డ్రామా అలా కాదు. చూసినవాళ్లు ఇంకొకరికి చెప్పి, వాళ్లు వెళ్లి, మూడో వారానికి హాలు నిండుతుంది. సరిగ్గా అప్పటికి నిర్మాత వైపు వచ్చే భాగం తగ్గిపోయి ఉంటుంది. అందుకే ఒకే గ్రాస్ వచ్చిన రెండు సినిమాలకి ఒకే షేర్ రావాలని లేదు. ఈ తేడా మాకు ఎవరూ చెప్పలేదు. సంతకం పెట్టేటప్పుడు అడగాలని మాకూ తోచలేదు, అది మా తప్పే.

2. నికర లాభం అనే మాట.

మామూలు మనిషికి లాభం అంటే వచ్చిందాంట్లోంచి పెట్టింది తీసేస్తే మిగిలేది. ఒప్పందంలో అలా ఉండదు. దానికి వెనక పేజీల్లో ఒక నిర్వచనం ఉంటుంది, ఆ నిర్వచనమే మా వాటాని మింగేస్తుంది.

అమెరికాలో ఆర్ట్ బుచ్‌వాల్డ్ అనే కాలమిస్టు కేసు దీనికి పేరుపడ్డ ఉదాహరణ. 1988లో వచ్చిన 'కమింగ్ టు అమెరికా' తన కథ మీదే తయారైందని ఆయన పారమౌంట్ మీద కోర్టుకెళ్లాడు. 1990లో కోర్టు ఆయన మాట నిజమేనంది. అప్పుడు స్టూడియో, సినిమాకి నికర లాభం ఏమీ రాలేదు కాబట్టి ఇవ్వాల్సిందేమీ లేదంది. ప్రపంచమంతా ఆడి కోట్ల డాలర్లు వసూలు చేసిన సినిమా అది. కోర్టు ఆ లెక్కల్లోకి దిగి చూసింది. ఖర్చు మీద 15 శాతం ఓవర్‌హెడ్ (అంటే స్టూడియో ఆఫీసు ఖర్చుల పేరుతో వేసేది), పబ్లిసిటీ మీద మరో 10 శాతం ఓవర్‌హెడ్, ఆ ఓవర్‌హెడ్ మీద మళ్లీ వడ్డీ. నిజంగా అంత ఖర్చు అయిందా లేదా అన్నదానితో పనిలేదు. ఇలాంటి షరతుల్లో కొన్ని అన్యాయమైనవని కోర్టు తేల్చింది. 1992లో బుచ్‌వాల్డ్‌కీ, ఆయనతో ఉన్న నిర్మాతకీ కలిపి 9 లక్షల డాలర్లు ఇవ్వమంది. అది కామెడీ సినిమా కదా అంటారేమో. ఒప్పందం కాగితానికి కామెడీ, డ్రామా తేడా లేదు.

డ్రామాయే కావాలంటే 'ఫారెస్ట్ గంప్' ఉంది. 1994లో 5.5 కోట్ల డాలర్లతో తీస్తే ప్రపంచవ్యాప్తంగా దాదాపు 67.8 కోట్ల డాలర్లు వసూలైంది. దానికి మూలమైన నవల రాసిన విన్‌స్టన్ గ్రూమ్‌కి నికర లాభంలో 3 శాతం రాసిచ్చారు. అంత వసూలైన తర్వాత కూడా స్టూడియో లెక్కలో నికర లాభం లేదనే చెప్పారు. పన్నెండు రెట్లు వసూలు చేసిన సినిమాకే ఆ మాట చెప్పగలిగితే, మూడు రెట్ల సినిమాకి సహ రచయితనైన నేనెంత?

'బ్రోక్‌బ్యాక్ మౌంటెన్' సంగతి వేరు, అక్కడ గొడవ అసలు బడ్జెట్ మాట దగ్గరే మొదలైంది. సుమారు 1.4 కోట్ల డాలర్లతో తీసిన ఆ సినిమాకి దాదాపు 17.8 కోట్లు వచ్చాయి. అందులో నటించిన రాండీ క్వెయిడ్ 2006లో కేసు వేశాడు. ఇది డబ్బు రాని చిన్న ఆర్ట్ సినిమా అని నమ్మించి తనని తక్కువకి ఒప్పించారన్నది ఆయన ఫిర్యాదు. రెండు నెలలు తిరక్కుండానే కేసు వెనక్కి తీసుకున్నాడు కాబట్టి ఎవరిది తప్పో కోర్టు తేల్చలేదు. నేనూ తేల్చను. కానీ "చిన్న సినిమా" అనే మాట విని తక్కువకి పనిచేసిన ప్రతివాడికీ ఆ ఫిర్యాదులో తన గొంతు వినపడుతుంది.

3. బడ్జెట్ అంటే ఏది బడ్జెట్?

'మూన్‌లైట్' 2016లో వచ్చి ఉత్తమ చిత్రంగా ఆస్కార్ తీసుకుంది. దాని బడ్జెట్ ఒకచోట 15 లక్షల డాలర్లని, ఇంకోచోట 40 లక్షల డాలర్లని కనిపిస్తుంది. ప్రపంచమంతా మెచ్చుకున్న సినిమాకి తయారీ ఖర్చు ఎంతో ఈనాటికీ ఒక్క అంకెగా దొరకదు. రెండూ నిజం కావచ్చు. షూటింగ్ వరకూ చూస్తే ఒకటి, తర్వాతి పనులన్నీ కలిపితే ఇంకొకటి వస్తుంది. ఏది ఏదో చెబితే సరిపోయేది.

పబ్లిసిటీ ఖర్చు అయితే అసలు బయటికే రాదు. అమెరికాలో పెద్ద స్టూడియోల సంఘం ఎంపీఏఏ ఒకప్పుడు ఏటా సగటు ఖర్చులు ప్రకటించేది. 2007లో విడుదలైన సినిమాలకి సగటున తయారీకి 7.08 కోట్ల డాలర్లు, పబ్లిసిటీకీ కాపీలకీ 3.59 కోట్ల డాలర్లు అయ్యాయని చెప్పింది. అంటే తయారీ ఖర్చులో సగం మళ్లీ పబ్లిసిటీకే. ఆ తర్వాతి ఏడాది నుంచి ఆ అంకెలు ఇవ్వడం మానేసింది. చెబితే ఏం నష్టమో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

ఇక బడ్జెట్‌లో కనపడని ఇంకో పెట్టుబడి ఉంది: తర్వాత ఇస్తామన్న జీతాలు. 1957 నాటి '12 యాంగ్రీ మెన్' ఖర్చు సుమారు 3.4 లక్షల డాలర్లు. ఒక గది, పన్నెండుమంది మనుషులు. హెన్రీ ఫోండా అందులో హీరో, నిర్మాతల్లో ఒకడు కూడా. తన పారితోషికం తర్వాత తీసుకుంటానని వాయిదా వేసుకున్నాడు. అది ఆయనకి ఎప్పటికీ రాలేదు. ఫోండా అప్పటికే పెద్ద నటుడు, తట్టుకున్నాడు. మా సౌండ్ ఆయన తట్టుకోలేడు. ఆయన వాయిదా వేసుకున్న జీతం ఒక రకంగా మీకిచ్చిన అప్పు. వడ్డీ లేని అప్పు. బ్యాంకు నుంచి తెచ్చిన అప్పుకి స్టేట్‌మెంట్‌లో వడ్డీ రాస్తారు, ఆయన అప్పుకి ఒక వరుస కూడా రాయరు.

సినిమా ఖర్చుని వింత పద్దుల కింద రాయడం కొత్తేమీ కాదులెండి. 'పథేర్ పాంచాలి' మధ్యలో ఆగిపోయినప్పుడు సత్యజిత్ రే బీమా పాలసీని, భార్య నగల్ని కుదువపెట్టాడు. చివరికి పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం డబ్బిచ్చి, దాన్ని రోడ్ల బాగుచేత పద్దు కింద రాసుకుంది. ఆ పద్దు ఒక సినిమాని బతికించింది కాబట్టి చదివినప్పుడల్లా నవ్వొస్తుంది. నాకొచ్చిన స్టేట్‌మెంట్‌లో 'ఇతర ఖర్చులు' అని ఒక వరుస ఉంది. తయారీ ఖర్చు తర్వాత పెద్ద అంకె అదే. దానికి నవ్వు రాలేదు.

4. తొందరపడి వేసే ముద్ర.

'ద షాషాంక్ రిడెంప్షన్' 1994లో 2.5 కోట్ల డాలర్ల ఖర్చుతో వచ్చింది. మొదటి విడుదలలో అమెరికాలో వచ్చింది 1.6 కోట్లే. ఏడు ఆస్కార్ నామినేషన్లు వచ్చాక మళ్లీ విడుదల చేస్తే మొత్తం 2.8 కోట్లయింది. థియేటర్ భాగం తీసేస్తే అది నష్టమే. ఆ రోజు లెక్క మూసేసి ఉంటే అది ఫ్లాప్. తర్వాత వీడియో అద్దె దుకాణాల్లో జనం దాన్ని ఎగబడి తీసుకెళ్లారు, కేబుల్ టీవీలో మళ్లీ మళ్లీ వేశారు. 1946లో వచ్చిన 'ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్'కి దాదాపు 31.8 లక్షల డాలర్లు ఖర్చయితే, పంపిణీ చేసిన ఆర్‌కేవో తన పుస్తకాల్లో 5.25 లక్షల నష్టం రాసుకుంది. 1974లో కాపీరైట్ పునరుద్ధరించడం మర్చిపోవడంతో టీవీ స్టేషన్లు ఉచితంగా వేసుకున్నాయి. అలా అది ఇంటింటి సినిమా అయింది.

డ్రామాకి ఆయుష్షు ఎక్కువ. డబ్బు నెమ్మదిగా, ఏళ్ల తరబడి చిన్న చిన్న మొత్తాల్లో వస్తుంది. మీ స్టేట్‌మెంట్లు మాత్రం మొదటి ఏడాదితో ఆగిపోతాయి. ఆ తర్వాత టీవీకి అమ్మారా, వేరే భాషకి హక్కులిచ్చారా, పాత సినిమాల మూటలో కట్టి ఇచ్చారా, మాకెవరూ చెప్పరు. ముఖ్యంగా ఆ మూట. పది సినిమాలు కలిపి ఒకే ధరకి అమ్మినప్పుడు ఏ సినిమాకి ఎంత వేస్తారన్నది పూర్తిగా మీ ఇష్టం. పెద్ద సినిమా వైపు ఎక్కువ వేసుకుంటే, చిన్న డ్రామాలో వాటా ఉన్నవాడికి తెలిసే దారే లేదు.

ఇందులోంచి పుట్టేదే "డ్రామాలు ఆడవు" అనే మాట. మొదటి మూడు రోజుల అంకెలు చూసి ఆ మాట అనేస్తారు. ఆ మాట మీద తర్వాతి సినిమాలకి డబ్బు ఆగిపోతుంది. మూడు కథలు రాసి పెట్టుకున్నాను. అందరూ వినేది మెచ్చుకుంటూనే. ఆఖర్న "డ్రామాకి మార్కెట్ లేదు కదండీ" అంటారు. మార్కెట్ ఎంతుందో నిజంగా తెలిసే లెక్క ఎవరి దగ్గరుంది?

5. దొంగ టికెట్లు. దీనిమీద ఎక్కువ రాయను. 2016లో చైనాలో 'ఇప్ మ్యాన్ 3'కి జరగని ఆటలు 7,600 దాకా జరిగినట్టు చూపించారని తేలింది. పంపిణీ సంస్థ పనిని ప్రభుత్వం నెలరోజులు ఆపించింది. 2017 మార్చి 1 నుంచి అమల్లోకి వచ్చిన సినిమా చట్టంలో దొంగ వసూళ్లకి జరిమానా పెట్టారు. దక్షిణ కొరియాలో ప్రతి సినిమాకీ రోజువారీ టికెట్ల సంఖ్య ఎవరైనా చూసుకునేలా కోఫిక్ అనే ప్రభుత్వ సంస్థ పెడుతుంది. అక్కడ కూడా సంఖ్యలు పెంచి చూపించారని 2023లో మల్టీప్లెక్సుల మీద, పంపిణీదారుల మీద పోలీసు దర్యాప్తు జరిగింది. బహిరంగంగా పెడితే మోసం ఆగిపోతుందని నేను అనడం లేదు. బహిరంగంగా ఉంది కాబట్టే పట్టుకోగలిగారు.

6. టికెట్టే లేని చోట.

ఇప్పుడు డ్రామాలు చాలావరకు నేరుగా స్ట్రీమింగ్‌కి పోతున్నాయి. అక్కడ గ్రాస్ లేదు, షేర్ లేదు, మూడో వారం హాలు నిండడం లేదు. ఖర్చుకి కొంత కలిపి ఒకేసారి కొనేస్తారు. కోటిమంది చూసినా, వందమంది చూసినా రాసినవాడికి తేడా తెలియదు. 2023లో అమెరికా రచయితలు 148 రోజులు సమ్మె చేశారు. ఆ సమ్మె డిమాండ్లలో ఇదొకటి. చివరికి వచ్చిన ఒప్పందం ప్రకారం ఎన్ని గంటలు చూశారన్న సమాచారం సంఘానికి ఇవ్వాలి, అదీ గోప్యంగా ఉంచే షరతు మీద. బాగా చూసిన వాటికి బోనస్ ఇవ్వాలి. ఆ ఏడాది డిసెంబరులో నెట్‌ఫ్లిక్స్ తనంతట తనే 18,000కి పైగా సినిమాల, సిరీస్‌ల వీక్షణ గంటలు బయటపెట్టింది. ఆకాశం విరిగి పడలేదు. సంస్థ మూతపడలేదు. ఇన్నాళ్లూ కుదరదన్న పని ఒక్క ఫైలుతో అయిపోయింది.

మీరు చెప్పే జవాబు నాకు తెలుసు. వ్యాపార రహస్యం అంటారు. ఒక సంగతి గుర్తు చేస్తాను. బ్రిటన్‌లో సినిమాకి పన్ను రాయితీ కావాలంటే ఆ సినిమా కోసం ఒక కంపెనీ ఉండాలి. ఆ కంపెనీ లెక్కలు కంపెనీస్ హౌస్ అనే ప్రభుత్వ కార్యాలయంలో దాఖలు చేయాలి, వాటిని ఎవరైనా చూడొచ్చు. హాలీవుడ్ పెద్ద సినిమాల అసలు ఖర్చులు చాలాసార్లు అలాగే బయటపడుతున్నాయి. ఫ్రాన్స్‌లో ప్రతి టికెట్ మీద 10.72 శాతం పన్ను సీఎన్‌సీ అనే ప్రభుత్వ సినిమా సంస్థకి వెళుతుంది, సినిమాకి సంబంధించిన ఒప్పందాలు ఒక బహిరంగ రిజిస్టర్‌లో నమోదవుతాయి. అక్కడ సినిమా విజయాన్ని డబ్బుల్లో కాకుండా వచ్చిన మనుషుల లెక్కలో చెప్పుకుంటారు. ఆ రెండు దేశాల్లోనూ సినిమాలు ఆగిపోలేదు. రాయితీ కోసం చూపించగలిగిన లెక్క, జీతం వాయిదా వేసుకున్న మనిషికి చూపిస్తే రహస్యం ఎలా అవుతుంది?

అందుకని మేం అడుగుతున్నవి ఇవి.

ఒకటి. వసూళ్ల అంకె ఏది ప్రకటించినా పక్కనే మూడు మాటలు రాయండి: అది గ్రాసా, పన్నులు పోగా మిగిలినదా, షేరా, ఏ ప్రాంతాలది, ఏ తేదీ వరకు. ఒక్క లైను పడుతుంది. పోస్టర్ మీద చోటు లేదనకండి, హీరో కళ్లజోడు కొంచెం తగ్గిస్తే చాలు.

రెండు. బడ్జెట్ చెప్పేటప్పుడు తయారీ ఖర్చు, పబ్లిసిటీ, వడ్డీ విడివిడిగా చెప్పండి. వాయిదా వేసిన జీతాలని కూడా ఖర్చుగానే రాయండి, ఎవరికి ఎంత బాకీ ఉందో వాళ్లకి కాగితం మీద ఇవ్వండి.

మూడు. చిన్నవాళ్ల ఒప్పందాల్లోంచి 'నికర లాభం' తీసేయండి. ఇది మా అన్నిటికన్నా ముఖ్యమైన కోరిక. దాని బదులు, గ్రాస్ ఫలానా అంకెకి చేరితే ఇంత, దాని రెట్టింపుకి చేరితే ఇంత అని బోనస్ రాయండి. ఇదేమీ కొత్త పద్ధతి కాదు, పేరున్న నటులకి మీరు ఇస్తున్నదే. గ్రాస్ ఎంతో ఇద్దరికీ కనపడుతుంది, కాబట్టి తగాదా ఉండదు. మొత్తం తక్కువైనా మాకు ఫర్వాలేదు. సున్నాలో రెండు శాతం కంటే నిజంగా చేతికొచ్చే అర శాతం మేలు.

నాలుగు. మొదట వచ్చే డబ్బులోంచి రోజువారీ పనివాళ్ల బాకీలు తీర్చండి. నిర్మాత ఫీజు, ఆఫీసు ఓవర్‌హెడ్ ఆ తర్వాత. ఓవర్‌హెడ్ మీద వడ్డీ వేయడం పూర్తిగా మానేయండి.

అయిదు. స్టేట్‌మెంట్ మొదటి రెండేళ్లూ మూడు నెలలకోసారి, ఆ తర్వాత సినిమా అమ్ముడవుతున్నంత కాలం ఏడాదికోసారి ఇవ్వండి. మూటలో అమ్మితే ఏ లెక్కన పంచారో రాయండి. లెక్కలు తనిఖీ చేయించుకునే హక్కు మాకివ్వండి. తనిఖీలో అయిదు శాతం కన్నా ఎక్కువ తేడా కనపడితే ఆ ఖర్చు మీరే భరించండి.

ఆరు. స్ట్రీమింగ్ సంస్థలు ఎంతమంది చూశారో ఆ సినిమా తీసినవాళ్లకి చెప్పాలి. లోకానికి చెప్పకపోయినా సరే, మాకు చెప్పండి.

ఏడు. ఇది మీకు కాదు, సినిమా విలేకరులకి. నిర్మాత ఆఫీసు నుంచి వచ్చిన అంకెని వార్తగా వేసేటప్పుడు అది ఎక్కడిదో రాయండి. మీరు వేసిన అంకెనే రేపు మళ్లీ నిర్మాత మీ పేరు చెప్పి పోస్టర్ మీద వేస్తాడు.

మా సినిమా విషయంలో ఒక మాట చెప్పి ముగిస్తాను. స్టేట్‌మెంట్‌లోని 'ఇతర ఖర్చులు' అనే వరుసకి వివరం కావాలని నాలుగో ఉత్తరం ఈరోజే పంపాను. ముప్పై రోజులు చూస్తాం. అప్పటికీ జవాబు రాకపోతే ఎడిటరూ, సౌండ్ ఆయనా, ఇద్దరు నటులూ, నేనూ కలిసి డబ్బు వేసుకుని ఆడిటర్‌ని పెట్టుకుంటాం. ఒప్పందం మళ్లీ చదువుకోమన్నారు కదా, ఆ వీలు పదకొండో పేజీలో ఉంది.

ఇట్లు,
ఒక డ్రామా సినిమా సహ రచయిత